కెనాన్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 ఎస్‌టీఎం: ముఖాలకు సరే, గోపురాలకు కాదు

రొట్టెల పండుగ నాటి సాయంత్రం నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగితే ఈ లెన్సు విలువ తెలుస్తుంది. కెమెరాతో వచ్చే 18-55 లెన్సు 50 ఎం.ఎం. దగ్గర సాధారణంగా ఎఫ్/5.6 వద్ద ఆగిపోతుంది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు వచ్చే ద్వారం పెద్దదవుతుంది). ఎఫ్/1.8 వరకు తెరుచుకునే ఇది దానికన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. రొట్టె అందుకునే చేతులు తేటగా పడతాయి, వెనక జనం మెత్తగా కరిగిపోతారు. (ముఖాలు తీసేముందు అడగండి. మొక్కు వారిది.) అయితే 1.8 దగ్గర మరీ దగ్గరగా తీస్తే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసకగా వస్తుంది. నేను 2.8 మీదే ఉంచుతాను. చేతి వణుకును సరిచేసే ఏర్పాటు ఇందులో లేదు కాబట్టి షట్టరు వేగం 1/125 సెకను కన్నా తగ్గించను.

రంగనాథస్వామి గాలిగోపురానికి మాత్రం దీన్ని తీసుకెళ్లకండి. చిన్న సెన్సారు కెమెరాపై ఇది 80 ఎం.ఎం. లెన్సులా ఇరుకుగా చూస్తుంది, వెనక్కి జరగడానికి వీధి చాలదు.

మైపాడు తీరంలో ఉప్పుగాలిని లోపలికి రానివ్వని సీలు దీనికి లేదు. ముందు అద్దాన్ని కాపాడే 49 ఎం.ఎం. ఫిల్టరు తప్పనిసరి. ఇంటికొచ్చాక ముందు బ్లోయరుతో ఇసుక ఊదేయండి, ఆ తర్వాతే గుడ్డ. పాతది కొంటున్నారా? టార్చి వేసి లోపలి అద్దాల్లో బూజు ఉందేమో చూడండి. మన తీరపు తేమకు అదే అసలు శత్రువు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో దాచితే చాలు, ఖరీదైన పెట్టె అక్కర్లేదు.