ఫ్రీక్యాడ్‌తో నాలుగేళ్లు: హాపర్లు గీసేవాడి అనుభవం

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు హాపర్లు (ధాన్యం పోసే గరాటు లాంటి తొట్లు), చూట్లు (ధాన్యం జారే దోనెలు), ఎలివేటర్ బూట్లు (ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్ అడుగు పెట్టెలు) చేసే ఫ్యాబ్రికేషన్ షెడ్డులో డ్రాయింగుల పని నాది. కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ఉచిత ప్రోగ్రామ్ ఫ్రీక్యాడ్‌ను 2021లో 0.19 వెర్షన్‌తో మొదలుపెట్టా. ఇప్పుడు 1.0 వాడుతున్నా. మధ్యలో రెండుసార్లు విసుగొచ్చి మానేసి, మళ్లీ దాని దగ్గరికే వచ్చా. ఏటేటా లైసెన్సుకు డబ్బు కట్టే బాధ లేదు, అదొకటి. రెండోది కొలతలు.

మా షెడ్డులో మిల్లీమీటర్లలో ఎవరూ మాట్లాడరు. "నాలుగడుగుల మూడంగుళాల రెండు సూత్" అంటారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కొలత గడిలో 4'+3.25" అని కొడితే అదే 1301.75 మిల్లీమీటర్లుగా తీసుకుంటుంది. క్యాలిక్యులేటర్ డ్రాయర్‌లోకి పోయింది.

హాపర్ సంగతే చూడండి. పైన నాలుగడుగుల చదరం, కింద అడుగు చదరం, ఎత్తు మూడడుగులు. కొత్త కుర్రాడైతే రేకును మూడడుగులకే కోసేస్తాడు. ఏటవాలు మీద పలకకు కావాల్సింది 3 అడుగుల 4 అంగుళాల 2 సూత్. ఇదివరకు నేల మీద సుద్దముక్కతో గీసి టేపు పెట్టేవాళ్లం. ఇప్పుడు డ్రాఫ్ట్ వర్క్‌బెంచ్‌లో (ఫ్రీక్యాడ్‌లో గీతలు గీసే పనిముట్లు ఉండే చోటు) పక్కకు అడుగున్నర (నాలుగులో ఒకటి పోగా మిగిలిన మూడులో సగం), పైకి మూడడుగులు గీసి కొసలు కలిపితే ఆ గీత పొడవే లెక్క. గుండ్రటి ఫ్లాంజ్‌కు (బోల్టులతో బిగించే అంచు) ఒక బోల్టు రంధ్రం గీసి పోలార్ అర్రే (చుట్టూ కాపీలు పెట్టే కమాండ్) కొడితే మొత్తం ఎనిమిది రంధ్రాలూ వచ్చేస్తాయి.

ఇక ఏడిపించేది. ఒకసారి చూట్ పలకల డీఎక్స్‌ఎఫ్ ఫైలు (కటింగ్ మిషన్లు చదివే డ్రాయింగ్ ఫైలు) లేజర్ కటింగ్‌కు పంపా. గంటలో ఫోన్: "అన్నా, మీ గీత కలవలే, ఓపెన్ చూపిస్తుంది." తప్పు నాదే. ఎండ్‌పాయింట్ స్నాప్ (గీత కొసకే అతికించేది) ఆపేసి గ్రిడ్ స్నాప్ (తెర మీది గళ్లకు అతికించేది) మీద గీశా. తెర మీద మూల కలిసినట్టే ఉంది, బాగా జూమ్ చేస్తే వెంట్రుకంత సందు. అప్పటినుంచి పంపే ముందు గీతలన్నీ సెలెక్ట్ చేసి అప్‌గ్రేడ్ (గీతల్ని కలిపే కమాండ్) కొడతా. ఆకారం మూసుకుంటే లోపల నిండి ముఖం అవుతుంది, లేకుంటే ఉత్త తీగగానే మిగులుతుంది. కానీ సందు ఏ మూలనో చెప్పదు. ఫ్రీక్యాడ్‌లోనే ఉన్న ఇంకో వర్క్‌బెంచ్ స్కెచ్చర్‌లో కలవని కొసల్ని వెతికిపెట్టే వాలిడేట్ ఉంది కదా, అలాంటిది డ్రాఫ్ట్‌లోనూ పెడితే నాలాంటివాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ట్రిమ్ (గీతలో అక్కర్లేని భాగం కోసేయడం) కూడా అంతే. స్కెచ్చర్‌లో అక్కర్లేని ముక్క మీద నొక్కితే పోతుంది. డ్రాఫ్ట్‌లోని ట్రిమెక్స్ నాలుగేళ్లయినా నా చేతికి కుదరలేదు. వర్కింగ్ ప్లేన్ (గీతలు పడే ఊహా తలం) ఆటోలో ఉంటే ఇంకో తంటా: పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది, పక్కకు తిప్పితే ఒక కొస గాల్లో. ముందే టాప్ అని ఫిక్స్ చేసుకుని గీయండి. డ్రాఫ్ట్‌ను మొదలుపెట్టిన యోరిక్ వాన్ హావ్రే ఆర్కిటెక్ట్. ఇంటి ప్లాన్లకు ఇది హాయిగా ఉండి, రేకు పనికి కాస్త మొరాయించడం అందుకేనేమో అనిపిస్తుంది.

పాత వెర్షన్లలో హాపర్ ఎత్తు మారిస్తే, ముందు చేసిన రంధ్రాలు వేరే ముఖం మీదికి ఎగిరిపోయేవి. ముఖాలకు ప్రోగ్రామ్ ఇచ్చే నంబర్లు మారిపోవడం వల్ల అలా అయ్యేది. 2024 నవంబరులో వచ్చిన 1.0లో ఇది చాలావరకు తగ్గింది. పూర్తిగా పోయిందనను, కానీ నా మూడో విసుగు అక్కడే ఆగింది.

మిల్లు ఇంజనీర్లు డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ ఫైలు) పంపితే తెరవడానికి కన్వర్టర్ విడిగా వేసుకోవాలి. ఒకసారి వేసుకుంటే చాలు. తెలుగు అక్షరాలతో మాత్రం ఆశ వదులుకున్నా. షేప్‌స్ట్రింగ్‌లో (అక్షరాల్ని గీతలుగా మార్చే పనిముట్టు) "వెల్డింగ్ ఇక్కడ" అని కొడితే ఒత్తులు విడిపోయి పక్కకు వచ్చి నిలబడతాయి. ఏ-త్రీ ప్రింటు తీశాక, మా వెల్డర్ కోసం ఆ మాట స్కెచ్ పెన్నుతో నేనే రాస్తున్నా.