తీరపు తేమలో టేకు పలకలకు పీయూ జిగురు: దీర్ఘకాల వాడకం తర్వాత

విశాఖపట్నంలో సముద్రపు గాలి నేరుగా తగిలే వరండా తలుపులకూ కిటికీ రెక్కలకూ చేవదేరిన టేకు పలకలను అంచుకు అంచు అతకడానికి కొన్నేళ్లుగా పాలీయురేతేన్ (పీయూ) జిగురునే వాడుతున్నాను. తెల్ల జిగురుతో చేసిన అతుకులు ఎండకు మెత్తబడి, బరువుకు మెల్లగా జరిగేవి; దీనితో అతికినవి ఇంతవరకు విడలేదు. డబ్బుకు తగిన సరుకే గానీ, చెక్కను సిద్ధం చేయడంలో శ్రద్ధ లేకపోతే ఏ జిగురూ ఏమీ చేయలేదు.

టేకులోని నూనె జిగురును సరిగా పట్టనివ్వదు. అందుచేత చిత్రిక పట్టిన రోజే అంచును అసిటోన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు రాస్తాను. అడితి నుంచి వచ్చిన పలకలను పుల్లలు అడ్డం పెట్టి గాలి ఆడేలా వారాల తరబడి పేర్చి ఉంచి, పక్కపక్కన చేరే పలకల తేమలో తేడా 2 శాతం మించలేదని మీటరుతో చూసుకున్నాకే పనికి దిగుతాను. లేకుంటే వేసవిలో ఒక పలక ముడుచుకొని, అతుకు నిలిచినా దాని పక్కన చెక్క చీలుతుంది.

ఈ జిగురు తేమతోనే గట్టిపడుతుంది. అంచును నీటితో తడపమని వాడకం సూచనల్లో ఉంటుంది గానీ, మన ఊరి గాలికి ఆ అవసరం నాకెన్నడూ రాలేదు. గట్టిపడుతూ అది పొంగి, అతుకు పొడవునా తేనెరంగు బుడగలుగా బయటికి వస్తుంది. సందులు నిండాయని ఆ నురుగును చూసి మురిసిపోయే వడ్రంగులు ఉన్నారు. నురుగులో బలం లేదు. రెండు అంచులు కలిపి వెలుతురుకు ఎత్తిపడితే మధ్యలో వెలుగు కనబడకూడదు, క్లాంపులు దగ్గర దగ్గరగా బిగించాలి. బయటికొచ్చినదాన్ని పచ్చిగా తుడిస్తే నారలోకి పూసుకుపోతుంది. సగం గట్టిపడ్డాక ఉలితో గీస్తే పట్టీలుగా లేచివస్తుంది. చేతికి అంటిన మరక రోజుల తరబడి వదలదు కనుక తొడుగులు తప్పనిసరి.

పైకప్పు దూలాలకు దీన్ని వాడవచ్చా అని కొందరు అడుగుతారు. డబ్బా మీది డీ4 గుర్తు ఈఎన్ 204 అనే ఐరోపా ప్రమాణం ప్రకారం నీటిని తట్టుకొనే గుణాన్ని చెబుతుందే తప్ప, బరువు మోసే కట్టడానికి హామీ కాదు. అందుకు ఈఎన్ 15425 కింద పరీక్షించిన జిగురు, అదుపులో ఉంచిన తేమ, కొలిచిన ఒత్తిడి కావాలి. అవి నా షెడ్డులో సాధ్యం కావు గనుక దూలాల విషయంలో ఒక చెక్క కొసన చెక్కిన కుసినీ, అది దిగే బెజ్జాన్నీ, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులనే నమ్ముతాను.

ఒక్క ఫిర్యాదు ఉంది. మూత తీసిన డబ్బా ఇక్కడి తేమకు వారాల్లోనే లోపల గడ్డకడుతుంది. ధర తెల్ల జిగురు కంటే బాగా ఎక్కువ కాబట్టి, పెద్ద డబ్బా చౌకగా అనిపించినా చిన్నదే కొనడం మేలు.