పాత కారులో పెట్రోల్ వాసన, రెండేళ్లుగా వాడుతున్న పొగ మెషీన్: నా అనుభవం

ముందే చెప్తున్నా, ఇది కారు గురించి కాదు. పాత కారులో పెట్రోల్ ఆవిరి ఎక్కడి నుంచి బయటికి వస్తోందో పట్టుకోవడానికి ఆన్‌లైన్‌లో 6,200 పెట్టి కొన్న స్మోక్ లీక్ టెస్టర్ గురించి. మా ఇంట్లో దాన్ని పొగ మెషీన్ అంటారు, నేనూ అలాగే రాస్తాను. కొని రెండేళ్లు దాటింది. నా బండి మీద, బావమరిది బండి మీద, మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో రెండు బండ్ల మీద వాడాను కాబట్టి, పార్సిల్ విప్పిన రోజు రాసే ఐదు స్టార్ల పొగడ్త కాదిది.

నా బండి 2009 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఏపీ 16 నంబరు. ఉండేది విజయవాడ పటమటలో, ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో, రోజూ వారధి దాటి మంగళగిరి మీదుగా పోయి రావడమే. వాసన 2023 మే నెలలో మొదలైంది. అదీ ఎప్పుడూ కాదు. ట్యాంకు ఫుల్ చేయించిన రోజు, ఎండలో నిలబెట్టి తీసిన రోజు, బెంజ్ సర్కిల్ దగ్గర మలుపు తిప్పగానే వెనక సీటు నుంచి గుప్పుమనేది. ట్యాంకు సగానికి దిగాక అసలేమీ ఉండేది కాదు. మా అత్తగారు ఒకసారి వెనక కూర్చుని, మంగళగిరి రాకముందే "బాబూ, కాస్త బండి ఆపండి, కడుపులో తిప్పుతోంది" అన్నారు. ఆ తర్వాత ఆవిడ గుంటూరు నుంచి ఎప్పుడొచ్చినా ఆర్టీసీ బస్సే.

కింద చుక్క పడట్లేదు. అంటే పెట్రోల్ కారడం లేదు, ఆవిరి పోతోంది. ట్యాంకులో పుట్టే ఆవిరిని ఊరికే గాల్లోకి వదలకుండా ఒక గొట్టం ద్వారా బొగ్గు నింపిన డబ్బాలోకి పంపుతారు, అదే చార్‌కోల్ క్యానిస్టర్. బొగ్గు ఆ ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఇంజన్ వేడెక్కి బండి నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటుంది, ఇంజన్ దాన్ని లోపలికి పీల్చుకుని కాల్చేస్తుంది, డబ్బాకి ఇంకో వైపున్న రంధ్రం నుంచి బయటి గాలి వచ్చి ఆ ఖాళీ నింపుతుంది. ఇంతే ఏర్పాటు. కానీ ట్యాంకు మూత రబ్బరు, గొట్టాలు, క్లిప్పులు, ట్యాంకులో ఉండే పెట్రోల్ పంపు మూత కింద రింగు, వాల్వు, డబ్బా, ఇన్నింటిలో ఎక్కడ సందు పడ్డా బయటికి తెలిసేది ఒక్కటే, వాసన. చిక్కంతా అక్కడే.

మొదట అందరిలాగే ట్యాంకు మూత మార్చాను, 450. తగ్గలేదు. ఆటోనగర్‌లో నేను పదేళ్లుగా చూపించే మెకానిక్ పర్జ్ వాల్వ్ అన్నాడు, మార్చాడు, విడిభాగానికీ కూలికీ కలిపి 2,300. వారం బాగున్నట్టే అనిపించింది, నిజానికి ఆ వారం నేను ట్యాంకు ఫుల్ చేయించలేదంతే. మళ్లీ వెళ్తే ఈసారి "క్యానిస్టరే సార్, 9,500 అవుతుంది, కొత్తది ఆర్డర్ పెట్టాలి" అన్నాడు. పాత వాల్వుని ఇంటికి తెచ్చి ఊది చూశాను. కరెంటు లేనప్పుడు గాలి పోనివ్వలేదు, 12 వోల్టులు ఇవ్వగానే టక్‌మని తెరుచుకుంది. శుభ్రంగా పనిచేస్తున్న వాల్వు. అతన్ని తిట్టి లాభం లేదు, చూసే సాధనం లేనప్పుడు ఎవరైనా చేసేది అదే, ఒక్కోటీ మార్చుకుంటూ పోవడం. డబ్బులు మాత్రం మనవి.

కారు కంప్యూటర్‌లో లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టలేదా అని అడుగుతారు. పెట్టాను. బ్లూటూత్‌ది, 900 రూపాయలది. కోడ్లు ఏమీ లేవు. వీడియోల్లో అమెరికా వాళ్లు P0442, P0455 అని లీకు కోడ్లు చదివేసి పని మొదలుపెడతారు చూడండి, వాళ్ల బండ్లు 1996 నుంచి ఈ లీకుని తమంతట తామే పరీక్షించుకునేలా కట్టారు, తర్వాతి మోడళ్లయితే అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా పట్టేస్తాయి. నా బండిలో ట్యాంకు ప్రెషర్ సెన్సరే లేదు. పర్జ్ వాల్వ్ వైరు తెగితే చెప్తుందేమో గానీ, గొట్టం పగిలితే కంప్యూటర్‌కి ఏం తెలుస్తుంది? పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా పాసైంది, ఎందుకంటే వాళ్లు చూసేది సైలెన్సర్ పొగ. వెనక సీటు కింద నుంచి ఎంత పెట్రోల్ ఆవిరైపోయినా ఆ పరీక్షలో కనపడదు.

అప్పుడు కొన్నాను ఈ మెషీన్. టిఫిన్ క్యారియర్ సైజు డబ్బా. లోపల కొంచెం మినరల్ ఆయిల్ పోస్తాం, హీటర్ దాన్ని వేడి చేసి తెల్లటి పొగ చేస్తుంది, దాన్ని తక్కువ ప్రెషర్‌తో గొట్టాల్లోకి పంపితే సందు ఉన్నచోట పొగ బయటికి వస్తుంది. సైకిల్ షాపులో ట్యూబుని నీళ్లలో ముంచి బుడగ చూస్తారే, అదే లెక్క, నీళ్ల బదులు పొగ.

కానీ ఇది పెట్రోల్ ట్యాంకు, సైకిల్ ట్యూబు కాదు, కాబట్టి ఈ ముక్క కాస్త నిదానంగా చదవండి. మెషీన్‌తో వచ్చిన కాగితంలో టైర్లకి గాలి కొట్టే పంపు తగిలించమని ఉంది. నేను ఆ పని చేయలేదు. పెట్రోల్ ఆవిరి ఉన్నచోటికి గాలి పంపడం మంచిది కాదు, ఈ పనికి వర్క్‌షాపుల్లో నైట్రోజన్ లాంటిది వాడతారు. మా వీధి చివర టైర్ల షాపులో నైట్రోజన్ ఉంది. పాత లారీ ట్యూబు ఒకటి తీసుకెళ్లి దాంట్లో నింపించుకుని స్కూటీ వెనక కట్టుకొచ్చాను, దార్లో పిల్లలు నవ్వారు, నవ్వనివ్వండి. టైరు లేకుండా ఊదిన ట్యూబులో ప్రెషర్ ఎలాగూ తక్కువే ఉంటుంది, మనకి కావాల్సిందీ తక్కువే. అర పీఎస్‌ఐ చాలు. టైరుకి కొట్టే 30 పీఎస్‌ఐ పంపితే గొట్టాలూ డబ్బా పగిలిపోతాయి, ఉన్న లీకు దొరక్కపోగా కొత్తవి పుడతాయి.

మెషీన్ మీద గేజు 20 పీఎస్‌ఐ దాకా ఉంటుంది, దాంట్లో అర పీఎస్‌ఐ అంటే ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. ఇది దీని పెద్ద లోపం. నేను చేపల తొట్టి షాపులో రెండు మీటర్ల ప్లాస్టిక్ పైపు కొని, ఆంగ్ల అక్షరం యూ ఆకారంలో చెక్కకి కట్టి, రంగు నీళ్లు పోసి, ఒక కొస పొగ గొట్టానికి కలిపాను. రెండు వైపుల నీళ్ల మధ్య తేడా 35 సెంటీమీటర్లు వస్తే అర పీఎస్‌ఐ. నలభై రూపాయల పైపు, మెషీన్ గేజు కన్నా నమ్మకం.

కారు బ్యాటరీ నెగటివ్ తీసేసి, మెషీన్‌ని వేరే బ్యాటరీకి తగిలించి కారుకి నాలుగు మీటర్ల దూరంలో పెట్టాను, క్లిప్పు తగిలించేటప్పుడు రవ్వ వస్తుంది కాబట్టి. సెల్లార్‌లో వద్దు, ఆరుబయటే చేయండి, పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పారుతుంది. వాచ్‌మన్‌ని బీడీ తీసుకుని గేటు బయటికి వెళ్లమన్నాను, "నేనేం చేశానండీ" అని అలిగాడు.

ట్యాంకు మూత తీసి ఆ చోట రబ్బరు కోన్ బిగించి అక్కడి నుంచి పొగ పంపాను. క్యానిస్టర్ గుండా పంపితే బొగ్గు పొగని పట్టేసుకుని అవతలికి పల్చగా వస్తుంది, అందుకని ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని క్యానిస్టర్ దగ్గర ఊడదీసి, దాంట్లోంచి తెల్లగా పొగ వచ్చేదాకా ఆగి, అప్పుడు బిరడా పెట్టి మూశాను. పొగ ట్యాంకంతా నిండిందని అప్పుడే గ్యారంటీ. నీళ్లు 35 సెంటీమీటర్లకి ఎక్కి మెల్లగా దిగిపోవడం మొదలైంది. అంటే లీకు ట్యాంకు వైపే ఉంది, క్యానిస్టర్ నిర్దోషి, 9,500 మిగిలాయి. కానీ కింద పడుకుని ఎంత చూసినా గొట్టాల మీద పొగ జాడ లేదు. పావుగంట చూసి వెనక సీటు తీశాను. పంపు మూత కనపడేలా ఉండే రేకు తీసి టార్చి పక్క నుంచి వేస్తే, సాంబ్రాణి పుల్ల చివర లేచే పొగ ఎంత ఉంటుందో అంత, ఒక్క చోట, మూత అంచు నుంచి వంకరగా పైకి లేస్తోంది. కాస్త గాలి వీచినా కనపడేది కాదు. మా అబ్బాయి కూడా చూసి "నాన్నా, అగరొత్తి" అన్నాడు.

పంపు మూత కింద రబ్బరు రింగు గట్టిపడి ఒక వైపు చదునైపోయింది. రింగు 280 రూపాయలు. ట్యాంకు నిండినప్పుడు, మలుపులో పెట్రోల్ ఆ మూత దాకా ఎగసినప్పుడు మాత్రమే వాసన ఎందుకొచ్చేదో అప్పుడర్థమైంది. ఆ గుర్తు మొదటి రోజు నుంచీ నా ముందే ఉంది, పట్టించుకోలేదు. రింగు మార్చడం నేను చేయలేదు, తెరిచిన ట్యాంకు ఇంట్లో పెట్టుకునే ధైర్యం లేదు, ఆటోనగర్ మెకానిక్కే చేశాడు. వాసన ఆ రోజుతో పోయింది, రెండు ఎండాకాలాలు చూశాను.

ఇక మెషీన్ ఎలా నిలబడిందంటే, ఎనిమిదో నెలలో హీటర్ కాలిపోయింది. అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే వారంటీ ఆరు నెలలే అన్నారు. హీటరంటే డీజిల్ బండిలో వేడి పుట్టించే గ్లో ప్లగ్గుని పోలిన ముక్కే, ఆటోనగర్‌లో అలాంటిదే 350కి దొరికింది, దాంతోనే నడుస్తోంది. రబ్బరు కోన్లు పెట్రోల్ తగిలి ఉబ్బిపోయాయి, రెండోసారికే పనికిరాలేదు. ఆయిల్ మట్టం చూసే గాజు దగ్గర జిడ్డు కారుతుంది, కింద పాత పేపరు వేస్తే చాలు. పొగ మాత్రం మొదటి రోజు ఎంత చిక్కగా వచ్చిందో ఇప్పుడూ అంతే.

ప్రతిదానికీ ఇది పనికిరాదు కూడా. బావమరిది బండి పెట్రోల్ కొట్టించిన వెంటనే స్టార్ట్ అవ్వక సతాయించేది. పొగ పెట్టి గంట వెతికాం, ఏమీ లేదు. తీరా చూస్తే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది, ఆవిరి బయటికి కాదు, నేరుగా ఇంజన్లోకి పోతోంది, నోటితో ఊదితే నిమిషంలో తెలిసేది. వాడికో అలవాటు, బంకులో గన్ను ఆటో కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ చేయమంటాడు. "ఇంకో పదిహేడు రూపాయలే బావా" అంటాడు. ఆ పదిహేడు రూపాయల పెట్రోల్ ఆవిరి గొట్టంలోకి ఎక్కి బొగ్గు డబ్బాలోకి ద్రవంగా పోతే, బొగ్గు తడిసి పాడవుతుంది. ఇప్పుడు ఆపాడు, వాళ్ల ఆవిడ ఆపించింది. మూడో ఫ్లోర్ వాళ్ల బండిలో అయితే ఇంజన్ వైపు పైపు నుంచి పెట్రోల్ చెమ్మే కనిపించింది, అక్కడ మెషీన్ పెట్టెలోంచి తియ్యలేదు, బండి స్టార్ట్ చేయొద్దని చెప్పి క్రేన్ పిలిపించాం. మిగతా రెంటిలో ఒకదానికి క్యానిస్టర్ దగ్గర గొట్టం పగులు, రెండోదానికి ట్యాంకు మూత రబ్బరు. మూత దగ్గర నుంచే పొగ పంపుతాం కాబట్టి మూత ఈ పరీక్షలో రాదు, దాన్ని విడిగా చూసుకోవాలి, అది నాకు రెండో బండికి గానీ తట్టలేదు.

ఒక్క బండి కోసమే అయితే 6,200 దండగ, పొగ పరీక్ష చేసే వర్క్‌షాపు వెతుక్కోండి, ముందు "స్మోక్ టెస్ట్ ఉందా" అని ఫోన్లో అడిగి వెళ్లండి. ఇంట్లో రెండు మూడు పాత బండ్లుండి, నైట్రోజన్ ట్యూబు మోసుకొచ్చే ఓపిక కూడా ఉంటే కొనండి. నేను ఐదుకి మూడున్నర ఇస్తాను, ఆ అర కూడా అగరొత్తి పొగ కనిపించిన ఆ నిమిషానికే.

మొన్న మా మెకానిక్ ఏదో బండికి కావాలని అడిగి తీసుకెళ్లాడు. క్యానిస్టర్ మార్చమన్న మనిషే. "రెండ్రోజుల్లో ఇచ్చేస్తా సార్" అన్నాడు, మూడో వారం నడుస్తోంది, నిన్న ఫోన్ చేస్తే ఆ నీళ్ల పైపు చెక్క కూడా పంపమంటున్నాడు.