కథకు ‘నేను’ మేలా, ‘అతను’ మేలా?

ఇంగ్లీషు ‘ఫస్ట్ పర్సన్’ను ‘ప్రథమ పురుష’ అని రాసేవారు ఇప్పటికీ కనిపిస్తుంటారు. మన వ్యాకరణంలో నేను, మేము, మనము ఉత్తమ పురుష. నీవు, మీరు మధ్యమ పురుష. తక్కినవన్నీ ప్రథమ పురుష. మరి కథ చెప్పడానికి వీటిలో ఏది మేలు? ఒకే సన్నివేశాన్ని రెండు విధాలా రాసి చూద్దాం.

‘బస్సు కదిలింది. అమ్మ చెయ్యి ఊపలేదు. ఒళ్లో టిఫిను డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. మూత తియ్యలేకపోయాను.’

‘బస్సు కదిలింది. తల్లి చెయ్యి ఊపలేదు. అతని ఒళ్లో టిఫిను డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. మూత తియ్యలేకపోయాడు.’

మొదటిదాంట్లో ‘నేను’ అన్న మాటే లేదు. క్రియ చివరి ‘ను’ ఒక్కటే ఆ పని చేసింది. చెబుతున్నది కొడుకో కూతురో కూడా తెలియదు. రెండోదాంట్లో ‘అతని’ అనగానే మగవాడని తేలిపోయింది. అసలు చిక్కు సర్వనామంతో వస్తుంది. వాడు, అతను, ఆయన: ఏది రాసినా ఆ పాత్రకు రచయిత ఎంత మర్యాద ఇస్తున్నాడో బయటపడుతుంది. కూలికి వెళ్లే ముసలివాణ్ణి ‘వాడు’ అనీ, అదే వయసు భూస్వామిని ‘ఆయన’ అనీ రాసేస్తాం. ‘నేను’కు ఆ హెచ్చుతగ్గులు లేవు. ఉత్తమ పురుష మీద నాకు మక్కువ ఇందుకే.

మొక్కపాటి నరసింహశాస్త్రి నవల ‘బారిష్టర్ పార్వతీశం’లో పార్వతీశం తన కథ తానే చెప్పుకుంటాడు. తన అమాయకత్వం తనకు తెలియదు, చదివేవాళ్లకు తెలుస్తుంది. అదే కథ ప్రథమ పురుషలో ఉంటే రచయితే అతణ్ణి వెక్కిరిస్తున్నట్టు అనిపించేది.

అయితే ‘నేను’కు ఇతరుల మనసుల్లోకి వెళ్లే వీలు లేదు. ఆస్తి పంపకాల కథలో నలుగురు అన్నదమ్ముల లోగుట్టూ చూపాలంటే ప్రథమ పురుషే దిక్కు. పై సన్నివేశంలో అమ్మ చెయ్యి ఎందుకు ఊపలేదో చెప్పాలన్నా అంతే. ఆ సంగతి బిడ్డకు ఎప్పటికీ తెలియకపోవడమే కథ అయితే మాత్రం ఉత్తమ పురుషలోనే రాయాలి.

ఉత్తమ పురుష ఎంచుకున్నాక ‘మేము’, ‘మనం’ తేడా మరవకూడదు. ‘మా ఊరి చెరువు ఎండిపోయింది’ అంటే పాఠకుడు పొరుగూరివాడు. ‘మన ఊరి చెరువు’ అంటే అతనూ ఆ నీళ్లు తాగినవాడే. ఇది మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి. కథ మధ్యలో మారిస్తే, లోపలికి రావాలో వద్దో తెలియక అతను గడప దగ్గరే నిలబడిపోతాడు.