నాన్నగారి పాత ఫొటోలు: గవర్నర్‌పేటలో చేయించిన ఆల్బమ్

శ్రీహరికోటలో రాకెట్ ఇంజనీరుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత విజయవాడలో స్థిరపడిన మా నాన్నగారి 80వ పుట్టినరోజు కోసం, ట్రంకుపెట్టెలో పాడైపోతున్న ఫొటోలనూ నెగెటివ్‌లనూ గవర్నర్‌పేటలోని ఒక చిన్న దుకాణంలో స్కాన్ చేయించి ఆల్బమ్ కట్టించాము. తేమకు ఒకదానికొకటి అతుక్కున్న ఫొటోలను యజమాని లాగి విడదీయకుండా, ముందు ఉన్నవి ఉన్నట్లుగా స్కాన్ చేసి, ఆపైన నీటిలో నానబెట్టి ఓపికగా వేరుచేశారు. ఆ జాగ్రత్తకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

1979 ఆగస్టు 10న ఉపగ్రహాలను మోసుకెళ్లే ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ తొలి ప్రయోగం విఫలమైన తరువాత నాన్నగారు ఇంటిపట్టున ఉన్న రోజులు తక్కువ. 1980 జులై 18న అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపిన వారం, చెల్లిని భుజాన ఎత్తుకొని ఆయన దిగిన ఫొటో ఇప్పుడు ఎంత స్పష్టంగా వచ్చిందంటే, కళ్లకింద నిద్రలేమి కూడా కనిపిస్తున్నది.

రెండు పేజీలలో సంవత్సరాలు తారుమారైతే అదనపు రుసుము లేకుండా మార్చి ఇచ్చారు. చెప్పిన గడువుకు నాలుగు రోజులు ఆలస్యమైంది కనుక, శుభకార్యం ఉన్నవారు ముందుగానే ఇవ్వడం మంచిది. మోకాళ్ల ఆపరేషన్ అయిన అమ్మకు రోజూ స్వయంగా కాఫీ కలిపి ఇచ్చే నాన్నగారు, ఇప్పుడు ఆ కప్పుతో పాటు ఆల్బమ్‌ను కూడా ఆమె మంచం దగ్గరకు తీసుకువెళుతున్నారు.