అవలాంచ్ ట్రాన్సీవర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మాది విజయనగరం. ఇక్కడ ఎండలు ముదిరే వేళకి మా జట్టు మనాలి వైపు మంచు కొండలెక్కడానికి వెళ్తుంది. మార్చి, ఏప్రిల్‌లో అక్కడ మంచుచరియల భయం ఉంటుంది కాబట్టి ఒంటికి కట్టుకునే అవలాంచ్ ట్రాన్సీవర్ కొన్నాను. మూడు యాంటెనాల డిజిటల్ రకం. వస్తువు చాలా మంచిది. కానీ జట్టులో ఒక్కరే కొనుక్కుంటే డబ్బు దండగ.

ఇది 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. ఎవరైనా మంచులో కూరుకుపోతే మిగతావాళ్లు తమవి సెర్చ్‌లోకి మార్చి, తెర మీద బాణం, దూరం చూసుకుంటూ వెతకాలి. అన్ని కంపెనీలదీ అదే ఫ్రీక్వెన్సీ, కాబట్టి తలో రకం ఉన్నా పర్వాలేదు. బాణం తిన్నగా తీసుకెళ్లదు, వంపు తిప్పి తీసుకెళ్తుంది. కొత్తవాళ్లకి అక్కడే టెన్షన్ పుడుతుంది. కూరుకుపోయిన మనిషికి పావుగంట దాటితే బతికే అవకాశం బాగా పడిపోతుంది. అంత తక్కువ సమయంలో తికమకపడితే ఎలా?

అందుకే కళింగపట్నం బీచ్‌లో సాధన చేస్తాం. ఒకదాన్ని డబ్బాలో పెట్టి ఇసుకలో పాతి, టైం పెట్టుకుని వెతుకుతాం. దగ్గరికొచ్చాక పరికరాన్ని నేలకి ఆనించి, మెల్లగా ముందుకీ వెనక్కీ, అటూ ఇటూ జరుపుతూ అన్నిటికంటే తక్కువ అంకె చూపించే చోటు పట్టుకోవాలి. ఆ తర్వాత ప్రోబ్ అనే పొడవాటి సన్నని కడ్డీ గుచ్చి చూడాలి. ఇసుక తవ్వడం తేలిక గానీ, జారి ఆగిన తడి మంచు సిమెంటులా బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ పార దానికి ఆగదు, అల్యూమినియందే కొనండి.

ఇబ్బందులూ ఉన్నాయి. సెల్‌ఫోన్ దగ్గరుంటే అంకెలు గంతులేస్తాయి. మామూలుగా 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉంచాలి. మన సముద్రపు గాలికి బ్యాటరీ కొసలు తుప్పు పడతాయి. మా జట్టులో ఒకరిది అలాగే పాడైంది. సీజన్ అయిపోగానే బ్యాటరీలు తీసేసి, గాలి చొరని డబ్బాలో దాచండి.

ఏ వాలు ఎప్పుడు జారుతుందో మాత్రం ఇది చెప్పదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే పైపొర గడ్డకట్టి తెల్లవారుజామున గట్టిగా ఉంటుంది. ఎండెక్కితే తడిసి పట్టు వదులుతుంది. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే విరుగుతాయి. తూర్పు ముఖంగా ఉన్న వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, ఆపైన పడమర. బూటు చీలమండ దాటి దిగుతున్నా, పైనుంచి చిన్న మంచు ఉండలు దొర్లి వస్తున్నా మేం వెనక్కి తిరుగుతాం. రాత్రంతా మబ్బు పట్టి మంచు గడ్డకట్టకపోతే అసలు బయల్దేరం. ట్రాన్సీవర్ ఉంది కదా, ఎండెక్కాక కూడా దాటేద్దాం అనేవాళ్లతో నేను వెళ్లను.