హెన్రీ కేరీ తండ్రి ఎవరు: రాజా, రాజు కొలువులోని విలియమా?

1528లో ఇంగ్లండ్‌లో ప్రబలిన చెమట జ్వరమనే అంటురోగం విలియం కేరీని పొట్టనబెట్టుకునేసరికి కొడుకు హెన్రీ ఇంకా పసివాడు. తల్లి మేరీ తోబుట్టువు ఆన్ బొలీన్ వాడికి సంరక్షకురాలైంది.

మేరీ ఒకప్పుడు ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ప్రియురాలు. రాజే తండ్రి అనేవారికి అదే బలం. పైగా 1535లో ఐల్‌వర్త్ మతగురువు జాన్ హేల్ ఓ మాట చెప్పాడు: సయన్ సన్యాసినుల మఠంలోని ఒక సన్యాసి ఈ బాలుణ్ణి చూపించి రాజు కొడుకన్నాడట! కానీ హేల్ రాజంటే గిట్టనివాడు, అదే ఏడు రాజద్రోహం కింద ఉరికంబమెక్కాడు. విన్న మాటను ఎంతని నమ్మాలి?

విలియం వైపు వాదన సాదాసీదాది: బిడ్డ పుట్టింది పెళ్లయ్యాకే. మరో ప్రియురాలి కొడుకు ఫిట్జ్‌రాయ్‌ని రాజు బాహాటంగా ఒప్పుకుని 1525లో డ్యూక్‌ను చేశాడు; కేరీని ఎన్నడూ తన బిడ్డ అనలేదు. ఆన్‌ను పెళ్లాడాలనుకున్నవాడు ఆమె అక్కచెల్లెలి బిడ్డను ఎలా ఒప్పుకుంటాడన్నది గట్టి ప్రశ్నే. అయినా నా మొగ్గు విలియం వైపే. 1559లో ఆన్ కూతురైన ఎలిజబెత్ రాణి కేరీని హన్స్‌డన్ ప్రభువును చేయడానికి తల్లి వైపు చుట్టరికం చాలు.